గోడకవతలి శ్రోత

మన దేశమున పాడువారిని గూర్చి గ్రంథములు గలవు. వాయించువారిని గూర్చి కథలు గలవు. వినువారిని గూర్చి వ్రాసినవారు మాత్రము అరుదు. వినుట యొక పని యని యెవరును తలంపకపోవుటయే దీనికి కారణము కావచ్చును. మేము పాడనేరము, ఏ వాద్యమును ముట్టినవారము కాము. కాని యేబది సంవత్సరములకు పైగా ఒక్క పనిని విడువక చేసితిమి. అది వినుట. అందును మా వీధివారెవ్వరును చెవి యొగ్గని రాక్ సంగీతమును, అనగా విద్యుత్తుతో మ్రోగు గిటారులును పెద్ద డ్రమ్ములును గల పాశ్చాత్యుల పాటను, వింటిమి. ఈ వ్యసనము మాకేమి యిచ్చినదో, మాచేత నేమి పోగొట్టించినదో చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు. పత్రికల మర్యాదను బట్టి 'మేము' అని వ్రాయుచున్నాము గాని, ఇందలి తప్పు చేసినది ఒక్కరమే.

మేము పుట్టినది 1960లో, బోధను పట్టణమున, శక్కర్‌నగరు క్వార్టర్లలో. మా తండ్రిగారు చక్కెర కర్మాగారమున లెక్కలు వ్రాయు గుమాస్తా. మంజీరానదిపై 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరము నీరు కాలువలవెంట వచ్చుటచేత మా ప్రాంతము చెరకు పండు నేల యైనది. ఆ చెరకును నమ్మి 1930ల చివర కర్మాగారము వెలసినది. ఆ నీటినే నమ్మి కృష్ణా గుంటూరు మండలముల రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధను చుట్టుపట్ల నిలిచిన పల్లెలకు నేటికిని 'క్యాంపు'లనియే పేరు. మహారాష్ట్రపు పొలిమేర దగ్గర. కాబట్టి మా చెవులకు కరవు లేదు. క్యాంపులలో హరికథలు, బుర్రకథలు, మరాఠీవారి తాళభజనలు, వర్ని దగ్గరి బడాపహాడు దర్గాకు పోవువారి ఖవాలీలు, బతుకమ్మ దినములలో చెరువుగట్టున ఆడువారి పాటలు, చలికాలము వచ్చినదా, రేయింబవళ్లు చెరకుబండ్ల ఎద్దుల మెడగంటలు, వేళ తెలుపు కర్మాగారపు కూత. ఇన్ని శబ్దముల నడుమ పెరిగియు మేము మా చెవిని సముద్రముల కావలికి త్రిప్పితిమి. దూరపు కొండలు నునుపన్న సామెత చెవికిని చెల్లును.

మా యింటికి రేడియో వచ్చినది 1969లో. ఆ కాలమున రేడియోకు లైసెన్సు కావలెను. ఏటేట తపాలా కార్యాలయమున రుసుము కట్టవలెను. లైసెన్సు మా తండ్రిగారి పేర నుండుటచేత పెట్టెయు ఆయనదియే యని యింటిల్లిపాదియు ఒప్పుకొనిరి. ఉదయము వార్తలు, సాయంకాలము వార్తలు, బుధవారము రాత్రి ఎనిమిది గంటలకు సిలోను రేడియోలో బినాకా గీత్‌మాలా. ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు తగ్గించిన 1952లోనే ఆ కార్యక్రమము మొదలైనది. 1957లో వివిధభారతి వచ్చిన తరువాత గూడ మా యింట తన పీటను విడువలేదు. తండ్రిగారు పండుకొన్న పిమ్మట, పరీక్షలకు చదువుచున్నామన్న నెపమున, రేడియో ముల్లును మెల్లగా త్రిప్పుట మా వంతు. షార్ట్‌వేవు తరంగములు ఆకాశమునందలి పై పొరను తాకి మరల నేలకు వ్రాలును. రాత్రివేళ దూరదేశపు స్టేషనులు కొన్ని పగటికంటె బాగుగా వినబడును. అందుచేత చీకటియే మాకు పాఠశాల యైనది.

1972లో ఒకనాటి రాత్రి, గరగరల నడుమ, ఒక గిటారు మెట్లు దిగి వచ్చినట్లు వినబడెను. ఆ పాట బీటిల్సు అను ఆంగ్లేయుల బృందము 1969లో వెలువరించిన 'హియర్ కమ్స్ ది సన్' అని తరువాత తెలిసికొంటిమి. ఆనాడు మాకు తెలిసినదెల్ల సూర్యుని మాట యేదో అందున్నదనియే. వినుచుండగానే అల యెత్తినట్లు శబ్దము పెరిగి, విరిగి, పాట ముగియక మునుపే మాయమైనది. తక్కిన సగమును వినుటకు మాకు రెండేండ్లు పట్టినది. ఇప్పటి పిల్లలకు ఇది నవ్వులాటగా నుండవచ్చును. కాని సగము పాటను రెండేండ్లు మనస్సులో పెట్టుకొని తిరిగినవానికి తక్కిన సగము దొరికిననాటి సంతోషము ఎట్టిదో, దానిని చెప్పుటకు మావద్ద మాట లేదు.

ఆ సగమును మాకు చూపినవారు బెంగాలునుండి వచ్చిన యొక కెమిస్టుగారు. ఆయన క్వార్టరులో గ్రామఫోను పెట్టెయు, ఇరువదికి పైగా ఎల్.పి. రికార్డులును ఉండెను. ఆదివారము మధ్యాహ్నము పోవచ్చును; కాని నియమములు గలవు. చేతులు కడుగుకొనవలెను, నేలపై కూర్చుండవలెను, రికార్డు ఒక ప్రక్క ముగియువరకు నోరు మెదపరాదు. ఒకనాడు మా తండ్రిగారు మమ్ము వెదకుకొనుచు అచటికి వచ్చిరి. అప్పుడు 1965 నాటి 'రబ్బర్ సోల్' అను రికార్డు తిరుగుచుండెను. అందలి రెండవ పాటలో జార్జి హారిసను సితారు మీటినాడు. మా తండ్రిగారు వాకిటనే నిలిచి, "ఇది మన సితార గదా! మనది మనకే అమ్ముతున్నరు" అనిరి. అనిరే గాని పాట ముగియువరకు కదలలేదు.

ఆ కెమిస్టుగారే మాకు మరియొక సంగతి చెప్పిరి. 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కు నగరమున బంగ్లాదేశపు కాందిశీకుల సహాయార్థము హారిసనును, పండిత రవిశంకరుగారును కచేరీ జరిపిరి. రవిశంకరుగారును, ఆలీ అక్బర్ ఖానుగారును మొదట తంత్రులను శ్రుతి చేసికొనుచుండగా సభవారు అదియే పాట యనుకొని చప్పట్లు కొట్టిరట. ఈ సంగతి విని మేము కడుపుబ్బ నవ్వితిమి. వినుట రానివారు ఎవరో దూరదేశీయులే యని మా నమ్మకము. ఆ నవ్వునకు ఋణము తరువాత తీర్చుకొంటిమి.

అప్పటి మా అలవాట్లను గూర్చి కొంత చెప్పవలెను. మావద్ద నొక నోటుపుస్తకము ఉండెడిది. విన్న పాట పేరు, విన్న తేదీ, స్టేషను, ఎంతవరకు విన్నామో అందు వ్రాసికొనుచుంటిమి. పేర్లు చెవినిబట్టి తెలుగు లిపిలో వ్రాసినవి గనుక, నేడు తెరచి చూచిన లెడ్ జెప్లిన్ వారు 'లెడ్డు చపలీను' అనియు, ఎరిక్ క్లాప్టన్ 'ఏరికి కలపటం' అనియు కనబడుదురు. మేము నిజామాబాదులో గిరిరాజ కళాశాలకు పోవుచున్న దినములలో ఆ పుస్తకము సంచిలోనే యుండెడిది. మాకు పాట యనగా వేటవంటిది. దొరకినదానికంటె దొరకనిదానిపై మక్కువ యెక్కువ.

మా తల్లికి మాత్రము ఈ వేట రుచింపలేదు. రేడియో కొంచెము బిగ్గరగా మ్రోగినదా, "ఏందిర ఆ మొత్తుకునుడు? ఎవలన్న సచ్చిన్రా?" అని వంటింటినుండి కేకవేసెడిది. ఆ వంటింటిలోనే, మా గదికి గోడ యవతల, మాకంటె మూడేండ్లు పెద్దదైన మా అక్క అంట్లు తోముచుండెడిది. ఆమె పదవ తరగతితో చదువు మాన్పించిరి. బడిలో ఆమె లెక్కలలో మాకంటె మిన్న. పాట ఒక్కమారు విన్న చాలు, పట్టుకొనెడిది. అయినను రేడియో ముందర పీట మాకు వేసిరి, గిన్నెల ముందర పీట ఆమెకు వేసిరి. దీనిని ఎవరును అన్యాయమనలేదు. మేమును అనలేదు. మాకు కనబడనే లేదు.

ఇచ్చట చదువరులలో కొందరు అడుగవచ్చును: అన్యదేశపు రొద వినక మానరాదా, మనకు సంగీతము లేకపోయెనా అని. ఈ ప్రశ్న మేమును చాల విన్నదే. హార్మోనియము అన్యదేశపుది, మన గమకములకు లొంగదు అని రేడియోలో 1940లో దానిని వెలివేసిరి. 1971లో మరల రానిచ్చిరి. ఆ ముప్పది యేండ్లును మన నాటకములు, మన భజనలు ఆ పెట్టెతోనే సాగినవి. వయొలిను ఎక్కడిది? అయినను ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది మనది కాదని యెవరనగలరు? పాలకొల్లున 1969లో పుట్టిన శ్రీనివాసు అను బాలుడు విద్యుత్తుతో మ్రోగు మాండలినుపై కర్ణాటక సంగీతమును వాయించి లోకమును మెప్పించి, జాన్ మెక్‌లాఫ్లిన్ వంటి గిటారు విద్వాంసునితో సరిసమానముగా కూర్చుండెను. 2014లో అకాలమున పోయెను. వాద్యమునకు జాతి లేదు, కులము లేదు. అది పట్టుకొన్నవాని మాట వినును.

అయితే రాక్ గాయకుల జీవితములను మేము మెచ్చుకొనుట లేదు. జిమీ హెండ్రిక్సును, జానిస్ జాప్లినును 1970లో, జిమ్ మారిసను మరుసటి యేట, ముగ్గురును ఇరువదియేడేండ్లకే పోయిరి. మొదటి యిరువురిని మత్తుపదార్థములే పొట్టనబెట్టుకొన్నవి. పాటను ప్రేమించువాడు పాడువాని దుర్వ్యసనమును గూడ ప్రేమింపవలెనను నియమము లేదు. మా వ్యసనము వేరు. అది ఒడలిని చెరుపలేదు. ఇంటిలోని ఒక వస్తువును చెరిపినది. ఇక ఆ సంగతి.

మా ప్రాంతమువారు గల్ఫు దేశములకు పోవుట చదువరులెరిగినదే. మా బావయు 1981లో పోయెను. అక్క మా యింటనే ఉండెను. ఉత్తరములు వ్రాయుటకంటె కాసెట్టులో మాటలాడి పంపుట ఆ కుటుంబములలో వాడుక. అందుకై బావ 1983లో సెలవున వచ్చినప్పుడు టేపురికార్డరు ఒకటి తెచ్చి ఇంట పెట్టెను. మరుసటి యేటి బతుకమ్మ దినములలో, ఒక మధ్యాహ్నము, అక్క మా తల్లిని, ఇరుగుపొరుగు ఆడువారిని నలుగురిని కూర్చుండబెట్టి, తొంబది నిమిషముల కాసెట్టు పెట్టి, ఒక ప్రక్క నిండువరకు పాటలు పాడించెను. మా తల్లి చరణమెత్తును. తక్కినవారు 'ఉయ్యాలో' యని అందుకొందురు. మేమప్పుడు పొరుగూరి బడిలో ఉపాధ్యాయులము. సాయంకాలము వచ్చి, పాటలు ముగిసినవని విని, మంచిదంటిమి. అంతియే. కాసెట్టుపై అక్క పెన్సిలుతో 'అమ్మ పాటలు' అని వ్రాసి, మా కాసెట్ల పెట్టెలోనే భద్రముగా పెట్టెను. మా పెట్టెకంటె భద్రమైన చోటు ఆమెకు తెలియదు.

1986లో ఒకనాడు తోడి ఉపాధ్యాయుడొకరు హైదరాబాదునుండి లెడ్ జెప్లిన్ వారి నాలుగవ ఆల్బము కాసెట్టును, తన రికార్డరును తెచ్చి, ఒక్క రాత్రికి ఇచ్చెను. తెల్లవారినచో తిరిగి ఈయవలెను. అది 1971 నాటి ఆల్బము. పదునైదేండ్లుగా మేము వెదకుచున్నది. రాత్రి పది గంటలు, అంగళ్లు మూసిరి, ఇంట ఖాళీ కాసెట్టు లేదు. పెట్టె వెదకితిమి. 'అమ్మ పాటలు' అను చీటీ కనబడెను. చదువలేదని చెప్పిన అబద్ధమగును, చదివితిమి. అమ్మ యింట నున్నది గదా, వచ్చు బతుకమ్మకు మరల పాడించుకొనవచ్చును అనుకొంటిమి. జెప్లిన్ మాత్రము మరల రాదనుకొంటిమి.

కాసెట్టు యంత్రము సంగతి ఎరుగనివారికి ఒక మాట. రికార్డు చేయునప్పుడు నాడా మొదట చెరపు ముక్కును తాకి, తరువాత వ్రాయు ముక్కును తాకును. కాబట్టి క్రొత్తది వ్రాయబడుటకు ముందే పాతది తుడిచివేయబడును. రెండును కలిసి యుండవు. ఇది జరుగకుండుటకు కాసెట్టు వీపున రెండు చిన్న రెక్కలు గలవు. వానిని విరిచిన యంత్రము ఇక దానిపై వ్రాయదు. మా రాక్ కాసెట్లకన్నిటికి ఆ రెక్కలను మేమే శ్రద్ధగా విరిచియుంటిమి. అమ్మ కాసెట్టుకు విరువలేదు. అక్కకు ఆ సంగతి తెలియదు. తెలిసిన మేము చెప్పలేదు.

వచ్చు బతుకమ్మకు పాడింపలేదు. దానికి మరుసటి యేడును పాడింపలేదు. మా తల్లి 1991 వేసవిలో పోయెను. ఆ యేటి బతుకమ్మకు అక్క వచ్చి, "అమ్మ పాటలు పెట్టు తమ్మీ" అనెను. ఐదేండ్లు దాచిన మాట ఆనాడు చెప్పవలసి వచ్చినది. చెప్పితిమి. ఆమె ఏమియు అనలేదు. కాసెట్టు ఇమ్మని చేయి చాపెను. తానే యంత్రములో పెట్టి, నొక్కి, కూర్చుండెను. నలువది రెండు నిమిషములు మేమిరువురమును మాటలాడక ఆ ఆల్బమును వింటిమి. అంత సేపు విననవసరము లేదు, త్రిప్పి చూడవచ్చునని మేమనలేకపోతిమి. కడపటి పాట పెద్ద డ్రమ్ములతో సాగి నిలిచినది. తరువాత టక్కను చప్పుడు. ఆ వెంటనే మా తల్లి గొంతు.

కాసెట్టు ప్రక్క నలుబదియైదు నిమిషములు. ఆల్బము అంతకు కొంచెము తక్కువ. ఆ తక్కువలో ఆమె మిగిలియుండెను. ఒక పాట చివర చరణములు రెండు, అందుకొన్నవారి గొంతులు, దగ్గు, గాజుల చప్పుడు, పిమ్మట, "అయెనా? ఇగ బందువెట్టు బిడ్డా, పొయ్యి మీద పాలున్నయి" అను మాట. అంతటితో సరి. మేము తల యెత్తలేదు. అక్క చాల సేపటికి అనిన మాట ఇది: "రెండు నిమిషాలన్న మిగిలింది గద. మల్ల ఒకసారి పెట్టు."

తిట్టియుండిన మాకు తేలికగా నుండెడిది.

ఆ తరువాత చాల కాలము మేము ఆ ఆల్బమును వినలేదు. వినక యుండలేక ఆ కడపటి పాట యెక్కడిదో తెలిసికొనగోరితిమి. అడిగి, చదివి, క్రొత్తగా వచ్చిన సీడీలు తెప్పించుకొని, ఏండ్లమీద తెలిసికొన్నది యిది. మిసిసిపీ నదికి 1927లో గొప్ప వరద వచ్చి గట్లు తెగి లక్షలమంది నిలువనీడ లేనివారైరి. వారిలో ఎక్కువమంది ప్రత్తిచేలలో పనిచేయు నల్లవారు. ఆ వరదను గూర్చి 1929లో కాన్సాస్ జో, మెంఫిస్ మిన్నీ అను దంపతులు ఆ పాటను రికార్డు చేసిరి. గొంతు భర్తది; ప్రధానమైన గిటారు భార్యది. నలుబది రెండేండ్ల తరువాత ఆంగ్లేయ యువకులు దానిని తీసికొని పెద్ద డ్రమ్ములు చేర్చిరి. మా తల్లి గొంతును ఏ పాటతో తుడిచితిమో ఆ పాటలోనే మరియొక స్త్రీ చేయి ఉన్నదని మాకు ఇరువది యేండ్లు తెలియదు.

మరికొంత వెదకగా మరికొందరు దొరకిరి. రాక్ అనగా మగవారి సొత్తని మేమనుకొనుచుంటిమి. ఆర్కాన్సా రాష్ట్రపు పల్లెలో 1915లో పుట్టిన రోజెట్టా థార్ప్ అను నామె, రాక్ అను పేరు వాడుకలోనికి రాక మునుపే, దైవభక్తి పాటలకు విద్యుత్తు గిటారు వాయించి తరువాతి వారందరికి త్రోవ చూపెను. ఆమెయు, మెంఫిస్ మిన్నీయు ఇరువురును 1973లోనే పోయిరి. రాక్ కీర్తిమందిరమున థార్పు పేరు చేర్చినది 2018లో. ఇక ఈ పాటలన్నిటికి మూలమైన బ్లూసులోను, దానికి తల్లియైన చేలపాటలలోను ఉన్న నిర్మాణమేమి? ఒకరు ఎత్తుదురు, పదిమంది అందుకొందురు. చేతులు పనిలో నుండును, గొంతు బాధను చెప్పును. ఇది మేము చెరువుగట్టున బాల్యమున విన్న నిర్మాణమే. మిసిసిపీవరకు పోయి తెలిసికొన్నదానిని మా వాకిటనే తెలిసికొనవలసినది. కాని మిసిసిపీకి పోకున్న వాకిలి మాకు వినబడెడిది కాదేమో యను సందేహమును గలదు. దీనిని చదువరులే తీర్చవలెను.

2004లో, మేము నిజామాబాదులో ఇల్లు కట్టుకొన్న క్రొత్తలో, అక్క మా యింటికి వచ్చి బియ్యము చెరుగుచుండెను. మేము లోపల బీటిల్సు సీడీ పెట్టితిమి. ఒక పాట ముగిసి మరియొకటి మొదలగుటకు నడుమ కొంచెము నిశ్శబ్దముండును గదా. ఆ నిశ్శబ్దములో, పాట రాక మునుపే, దాని వరుస వరండానుండి వినబడెను. అక్క కూనిరాగము తీయుచుండెను. మాటలు లేవు, వరుస మాత్రము తప్పు లేదు. వెలుపలికి పోయి అడిగితిమి.

"ఇది నీకెట్ల తెలుసు అక్కా?"

"తెల్వకుంటెట్ల? రాత్రి పూట నువ్వు పెడుతుంటివి గద. గోడ అవతల్నే గద నేను గిన్నెలు తోముకుంట ఉంటి."

"మరి ఎన్నడు చెప్పకపోతివి?"

"నువ్వెన్నడు అడిగినవ్?"

చేటలోని బియ్యము మరల ఎగిరినది. ఆమెకు ఆ పాటల పేర్లు తెలియవు, పాడువారెవరో తెలియదు, నోటుపుస్తకము లేదు, ఆదివారపు గ్రామఫోను లేదు. మేము పీటపై కూర్చుండి విన్నదానిని ఆమె గిన్నెల చప్పుడు నడుమ, గోడనుండి, నిలువబడి వినెను. అయినను ఆమెయందే నిలిచినది. మా యింట నిజమైన శ్రోత యెవరో మాకు నలుబది నాలుగేండ్లకు తెలిసినది. న్యూయార్కు సభవారు శ్రుతి చేయుటను పాట యనుకొనిరని నవ్వితిమి గదా. మేము చేసినది అంతకంటె మేలా? వినుటకు కావలసిన సరంజామాను వినుట యనుకొంటిమి.

ఆనాటి సాయంకాలమే అక్కను అడిగితిమి: అమ్మ పాటలు నీకు వచ్చునా యని. ఆమె ఆశ్చర్యపడెను. ఆమెకు పదునొకండు పాటలు వచ్చును. రెండింటిలో నడుమ చరణములు మరచినది. బోధనుకు పోయి, ఆనాడు కాసెట్టులో అందుకొన్న నలుగురిలో బ్రతికియున్న యొక ముసలమ్మను అడిగి పూరించుకొని వచ్చితిమి. అన్నిటిని రికార్డు చేసితిమి. పాడినవారి పేరు, ఎవరివద్ద నేర్చినది, తేదీ, ఊరు వ్రాసితిమి. నోటుపుస్తకపు అలవాటు ఇన్నాళ్లకు ఒక మంచి పనికి వచ్చినది. బతుకమ్మ 2014లో రాష్ట్రపు పండుగ యైన తరువాత అట్టి పాటల రికార్డులు అంగళ్లలోను, ఫోనులలోను కుప్పలుగా వచ్చినవి. బాగుగానే పాడిరి. కాని మా తల్లి ఒక చరణమున సీతను తన ఆడబిడ్డవలె మందలించును. ఆ మందలింపు వానిలో లేదు. ప్రతి యింటి పాటలో అట్టిదొకటి ఉండును. దానిని ఆ యింటివారు దాచుకొనకున్న మరి దాచువారు లేరు.

శక్కర్‌నగరపు కర్మాగారము 2015 డిసెంబరులో ఆగినది. కర్మాగారపు కూతను రికార్డు చేసికొన్నవారు మా యెరుకలో లేరు. అది ఎల్లప్పుడును ఉండునని మేమందరమును అనుకొంటిమి. అమ్మ యింట నున్నది గదా అనుకొన్నట్లే.

నేడు లోకమునందలి రాక్ సంగీతమంతయు మా అరచేతి ఫోనులో నున్నది. రెండేండ్లు వెదకిన సగము పాట ఇప్పుడు రెండు క్షణములలో వచ్చును. దీనిని మేము నిందింపము. మా వయస్సువారు నిందించిన అది అసూయయే యగును. కాని యింట నలుగురు నాలుగు మూలల చెవులలో తీగెలు పెట్టుకొని కూర్చుండగా, వంటింటిలోని ఐదవ మనిషికి ఇప్పుడు గోడ యవతలి పాట గూడ లేదు. పూర్వము గోడ యొక అన్యాయము. కాని దానిగుండా పాటయైనను పోయెడిది.

అందుచేత మా యింట కొన్ని నియమములు చేసికొంటిమి. రాత్రి భోజనమైన పిమ్మట మొదట గిన్నెలు కడుగుట, అందరును కడుగుట. తరువాత ఒక గంట నడిమి గదిలో అందరును వినుట; చెవి తీగెలు నిషేధము. ఆనాడు వంట చేసినవారు మొదటి పాటను కోరుకొందురు. మొదలిడిన పాటను తుదవరకు వినవలెను, నచ్చకున్నను వినవలెను. ఈ నియమముచేత మా మనుమరాలి పాటలు మేము విన్నాము, అందు కొన్ని మా తల్లి అడిగిన ప్రశ్ననే మాచేత అడిగింపబోయినవి, నోరు నొక్కుకొంటిమి. అక్క వచ్చిననాడు ఆమెయే మొదట కోరుకొనును. ఆమె తరచుగా కోరునది సూర్యుని పాట. అది ఆమె 1972లో సగమే వినెనట, మావలెనే, అదే రాత్రి.

చదువరులను మేము కోరునది పెద్ద పనియేమియు కాదు. మీ యింట పాడు ముసలివారుండిన ఈ వారమే పాడించుకొనుడు. వచ్చు పండుగకు అని వాయిదా వేయకుడు. పాత కాసెట్లు ఉన్నచో వాని రెక్కలను విరిచి, నాడా పాడుగాక మునుపే మరియొక చోటికి ఎక్కించుకొనుడు. అంతకంటె ముందుగా, మీరు పాట వినుచున్నప్పుడు ఒక్కమారు లేచి వంటింటిలోనికి పోయి, అచట నున్నవారిని వచ్చి కూర్చుండుమనుడు. వారు పొయ్యి మీద పాలున్నవందురు. ఆ పాలను మీరు చూచుకొనుడు.